విరిగింది ఒక కాలు, కాపాడాల్సినవి నాలుగు

పందెపు గుర్రానికి కాలు విరిగితే తుపాకీతో కాల్చేస్తారని కథల్లో చదివాం, సినిమాల్లో చూశాం. మనిషికి కాలు విరిగితే సిమెంటు కట్టు వేసి మూడు నెలల్లో నడిపిస్తున్నారు కదా, కోట్లు పలికే గుర్రానికి ఆ మాత్రం చెయ్యలేరా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. నిజానికి ఎముకను బిగించడం పశువైద్యులకు ఎప్పుడో చేతనయింది. అది అతుక్కునేదాకా గుర్రాన్ని నిలబెట్టి ఉంచడమే చేతకాలేదు. ఆ రెండో పనిని పట్టుదలగా సాధన చేసిన చోటు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నడిపే పెద్ద పశువుల ఆసుపత్రి, కెనెట్ స్క్వేర్‌లోని న్యూ బోల్టన్ సెంటర్. అక్కడి సర్జన్ డీన్ రిచర్డ్‌సన్, ఆయన బృందం 2006 మేలో బార్బారో అనే గుర్రానికి మొదలుపెట్టిన వైద్యం ఎనిమిది నెలలకు పైగా సాగింది. గుర్రపు కాలిని బాగుచెయ్యడంలో ఎంత పనితనం ఉందో తెలియాలంటే ఆ వైద్యాన్ని దగ్గరగా చూడాలి.

ముందు ఆ కాలి సంగతి. గుర్రం ముందుకాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుకు సాటి వచ్చే కీలు. దాని కింద ఉన్నదంతా ఒకే ఒక్క వేలు. గిట్ట ఆ వేలి గోరు. అంటే అయిదు వందల కిలోల జంతువు నాలుగు గోళ్ల మీద నిలబడి, ఆ గోళ్ల మీదే గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. వేగం కోసం కాలి కింది భాగం తేలిగ్గా ఉండాలి కాబట్టి అక్కడ కండ లేదు. కానన్ ఎముక, దాని కింద ఫెట్‌లాక్ కీలు, ఆ కీలు కింద పాస్టర్న్ ఎముకలు, వాటిని పట్టి ఉంచే స్నాయువులు, పైన పల్చటి చర్మం, అంతే. కండ లేనిచోట రక్తప్రసారం తక్కువ. విరిగిన ముక్క చర్మాన్ని చీల్చుకుని బయటికి రావడం తేలిక, చీము పట్టడం ఇంకా తేలిక, అతుక్కోవడం ఆలస్యం.

మనిషిని పడుకోబెట్టినట్టు గుర్రాన్ని నెలల తరబడి పడుకోబెట్టడం కుదరదు. ఒకే పక్కన గంటల కొద్దీ పడుకుంటే సొంత బరువుకే కింది కండలూ నరాలూ నలిగిపోతాయి, ఊపిరితిత్తులు సరిగా విప్పుకోవు. కదలిక తగ్గితే పేగులు మందగిస్తాయి, కడుపునొప్పి వస్తుంది. గుర్రాలకు ఆ కడుపునొప్పే ప్రాణాంతకం కావచ్చు. పొట్ట కింద పట్టీ వేసి పైనుంచి వేలాడదీద్దామంటే, ఆ పట్టీ నొక్కిన చోటల్లా పుండ్లు పడతాయి. కాబట్టి ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే గుర్రం తన కాళ్ల మీద తాను నిలబడాలి. విరిగిన కాలు కూడా అప్పటినుంచే కొంత బరువు మొయ్యాలి. మనిషి ఎముకల డాక్టరుకు ఉండే వెసులుబాటు గుర్రపు సర్జన్‌కు లేదు.

అన్నిటికంటే గండం మత్తు దిగే ఘడియ. గుర్రం బెదురు జంతువు. పడి ఉంటే పులి నోట పడతాననే తొందర దాని పుట్టుకలోనే ఉంది. స్పృహ వచ్చీ రాకముందే లేవడానికి కాళ్లు విదిలిస్తుంది. 1975 జూలై 6న న్యూయార్క్ బెల్మాంట్ పార్క్‌లో రఫియన్ అనే ఆడ గుర్రానికి ఇదే జరిగింది. అప్పటిదాకా పరుగెత్తిన పది పందేలూ గెలిచిన గుర్రం అది. ఫూలిష్ ప్లెజర్ అనే గుర్రంతో జరిగిన పోటీలో కుడి ముందుకాలి ఫెట్‌లాక్ వెనక ఉండే సెసమాయిడ్ ఎముకలు రెండూ చిట్లాయి. సర్జన్లు రాత్రి దాకా శ్రమపడి కాలిని చక్కబెట్టారు. మత్తు దిగుతుండగా రఫియన్ పడుకున్న చోటే పరుగెత్తుతున్నట్టు కాళ్లు కొట్టుకుని, కట్టును బద్దలుకొట్టి, కాలిని మళ్లీ పాడుచేసుకుంది. ఇక చేసేదేమీ లేక దానికి ప్రాణం పోయే మందు ఇచ్చారు.

న్యూ బోల్టన్ వాళ్లు 1970ల్లో కనిపెట్టిన ఉపాయం సరిగ్గా ఈ ఘడియకు. ఆపరేషన్ గది నుంచి మత్తులో ఉన్న గుర్రాన్ని పట్టీలతో పైకెత్తి, పైకప్పుకు అమర్చిన పట్టా మీదుగా క్రేనుతో ఒక కొలను మీదికి తెస్తారు. కొలనులో వెచ్చటి నీళ్లు ఉంటాయి. గుర్రాన్ని దించేది ఆ నీళ్లలోకి కాదు, నీళ్ల మీద తేలే రబ్బరు తెప్పలోకి. తెప్పకు నాలుగు పొడుగాటి రబ్బరు గొట్టాలు కిందికి వేలాడుతుంటాయి. నాలుగు కాళ్లూ వాటిలోకి దిగుతాయి. గాయం తడవదు, కాలు మాత్రం నీళ్లలో ఉన్నట్టే ఉంటుంది. మెలకువ వచ్చి కాళ్లు ఎంత విదిలించినా తగలడానికి గోడ లేదు, తన్నడానికి నేల లేదు. స్పృహ పూర్తిగా వచ్చి నెమ్మదించాక మళ్లీ క్రేనుతో ఎత్తి, గడ్డి పరిచిన గదిలో నాలుగు కాళ్ల మీదా దించుతారు. ఈ ఉపాయంలో మందుల పాత్ర కంటే గుర్రం స్వభావాన్ని చదివిన తెలివి పాత్రే ఎక్కువ. గుర్రాన్ని పారిపోవద్దని ఆపలేమని ఒప్పుకుని, పారిపోయినా దెబ్బ తగలని చోటును కట్టారు.

అన్ని విరుపులూ ఒకటి కావు. 1986లో పర్సనల్ ఎన్సైన్ అనే ఆడ గుర్రానికి ఎడమ వెనకకాలి పాస్టర్న్ విరిగింది. సర్జన్ లారీ బ్రామ్లేజ్ అయిదు స్క్రూలతో దాన్ని బిగించారు. ముక్కలు పెద్దవిగా, మళ్లీ ఒకదానికొకటి సరిపోయేలా ఉంటే స్క్రూలే చాలు. ఆ తర్వాతిదంతా ఓపిక పని. ఇలాంటి గుర్రానికి మొదట గదిలో విశ్రాంతి. తర్వాత గుర్రాన్ని చూసుకునే సాయిస్ పగ్గం పట్టుకుని రోజుకు కొన్ని నిమిషాలు నడిపిస్తాడు, కొన్నాళ్లకొకసారి ఆ నిమిషాలు పెంచుతాడు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా కనిపిస్తే చిన్న దొడ్లోకి వదులుతారు. ఆ తర్వాత మెల్లగా దుడుకు నడక, చివరికి పరుగు. ఈ మెట్లలో ఏదీ దాటెయ్యడానికి లేదు. విశ్రాంతిలో ఎముక బరువు మొయ్యడం మరిచిపోతుంది, తన గట్టిదనాన్ని కొంత పోగొట్టుకుంటుంది. సుదీర్ఘ విశ్రాంతి తర్వాత తిరిగి పరుగు మొదలెట్టిన తొలి వారాల్లో భుజం కింది ఎముక విరిగే ప్రమాదం ఎక్కువని కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. అంటే గాయపడిన ఎముక ఒక్కటే కాదు, గాయపడని ఎముకలూ మళ్లీ పరుగు నేర్చుకోవాలి. పర్సనల్ ఎన్సైన్ దాదాపు ఏడాది తర్వాత, 1987 సెప్టెంబరులో పందేనికి తిరిగొచ్చింది. 1988 బ్రీడర్స్ కప్‌లో, ఆ ఏడాది కెంటకీ డెర్బీ గెలిచిన విన్నింగ్ కలర్స్‌ను చివరి అడుగులో ముక్కు తేడాతో దాటి, 13 పందేల్లో 13 గెలుపులతో విరమించింది.

బార్బారోకు విరిగింది కూడా వెనకకాలే, అందులో పాస్టర్న్ కూడా ఉంది. కానీ కేసు పూర్తిగా వేరు. 2006 మే 6న అది కెంటకీ డెర్బీని ఆరున్నర గుర్రాల దూరంతో గెలిచింది. అంతవరకూ పరుగెత్తిన ఆరింటిలోనూ ఓటమి లేదు. రెండు వారాల తర్వాత, మే 20న బాల్టిమోర్‌లోని పిమ్లికోలో ప్రీక్‌నెస్ పందెం మొదలైన కొద్ది క్షణాలకే కుడి వెనకకాలు చెదిరింది. కానన్ ఎముక అడుగున విరిగింది, సెసమాయిడ్ విరిగింది, ఫెట్‌లాక్ కీలు తప్పింది, పొడుగు పాస్టర్న్ ఇరవైకి పైగా ముక్కలయింది. అక్కడ మొదటి వైద్యం చేసినవాడు జాకీ ఎడ్గార్ ప్రాడో. ఊపు మీదున్న గుర్రాన్ని కొద్ది అడుగుల్లోనే నిలువరించి, దిగి, పట్టుకుని నిలబెట్టాడు. ఇంకాస్త దూరం పరుగెత్తి ఉంటే ఎముక చర్మాన్ని చీల్చుకుని వచ్చేది, రక్తనాళాలు తెగేవి. అప్పుడు సర్జన్ దాకా వెళ్లే పనే ఉండేది కాదు. మైదానంలోనే కాలికి బద్దలు కట్టి, ఆ రాత్రికే న్యూ బోల్టన్ చేర్చారు. ఫ్లారిడాలో ఉన్న రిచర్డ్‌సన్ తిరిగొచ్చి మర్నాడు కత్తి పట్టారు.

ఆపరేషన్ అయిదు గంటలు దాటింది. ఇరవై ముక్కలను తిరిగి పేర్చి కీలును కీలుగా నిలబెట్టడం అసాధ్యం. అందుకే రిచర్డ్‌సన్ కీళ్లను వదులుకున్నారు. కీలులోని మృదులాస్థిని తీసేసి, పైఎముకనూ కింది ఎముకనూ ఒకే కడ్డీగా కలిసిపోయేలా బిగించడానికి పూనుకున్నారు. ఫెట్‌లాక్, పాస్టర్న్ కీళ్లు రెండూ అలా మూసుకుపోతే గుర్రం ఇక పందెం ఆడదు, కుంటుతూనైనా హాయిగా బతుకుతుంది. ఇందులో ఇంకో లెక్క ఉంది. థరోబ్రెడ్ జాతి గుర్రాల వంశావళిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను చేర్చుకోరు. మగ గుర్రం స్వయంగా జత కట్టాల్సిందే, అప్పుడు దాని బరువంతా వెనకకాళ్ల మీదే పడుతుంది. కాబట్టి ఈ కాలు ఊరికే నిలబడితే చాలదు, ముందుముందు గుర్రం బరువులో సగం మొయ్యగలిగేంత గట్టిగా ఉండాలి.

ఆ గట్టిదనం కోసం రిచర్డ్‌సన్ ఎన్నుకున్నది మనుషుల ఎముకల కోసం తయారైన లాకింగ్ ప్లేటు. పాతరకం ప్లేటులో స్క్రూ ప్లేటును ఎముకకు అదిమి పడుతుంది. ఎముక పొడిపొడిగా ఉంటే స్క్రూకు పట్టు దొరక్క ఊగుతుంది. లాకింగ్ ప్లేటులో స్క్రూ తలకూ మరలు ఉంటాయి, ప్లేటు రంధ్రానికీ మరలు ఉంటాయి. స్క్రూ ఎముకలోకి దిగుతూనే ప్లేటులోనూ బిగుసుకుంటుంది. ప్లేటూ స్క్రూలూ కలిసి ఒకే చట్రం అవుతాయి. ఒక స్క్రూకు ఎముకలో పట్టు తక్కువైనా మిగతావి ఆ భారాన్ని పంచుకుంటాయి. బార్బారో కాలిలో 27 స్క్రూలు దిగాయి. ఆ ఎక్స్‌రే చూసినవాళ్లకు ఎముక కంటే ఉక్కే ఎక్కువ కనిపిస్తుంది. కానీ మెచ్చుకోవాల్సింది ఉక్కు పరిమాణాన్ని కాదు. ఎక్కడ ముక్క గట్టిగా ఉందో, ఎక్కడ స్క్రూ పట్టదో ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ దారి వెతుక్కున్న చేతిని మెచ్చుకోవాలి. కాలికి సిమెంటు కట్టు వేసి బార్బారోను తెప్పలో దించారు. అది ప్రశాంతంగా మేలుకుంది, తన గదికి తానే నడిచి వెళ్లింది, మేత ముట్టింది. ఇంత బాగా జరిగినా బతికే అవకాశం బొమ్మా బొరుసే అని రిచర్డ్‌సన్ విలేకరులకు చెప్పారు. పొగడ్తలు వినిపిస్తున్న వేళ ఆ మాట అనగలగడం కూడా పనితనమే.

ఆయనకు భయం విరిగిన కాలి గురించి కాదు, పక్కనున్న మంచి కాలి గురించి. అందుకే తొలిరోజే ఎడమ వెనక గిట్టకు ప్రత్యేకమైన లాడం వేయించారు. అది వేసినవాడు న్యూ బోల్టన్‌లో లాడాల విభాగం చూసిన రాబ్ సిగాఫూస్. మేకులు కొట్టకుండా జిగురుతో అతికించే లాడాలను రూపొందించి పేరు తెచ్చుకున్న పనివాడు. కట్టు వేసిన కాలు కాస్త పొడుగవుతుంది కాబట్టి రెండోదాన్ని దానికి సమానం చెయ్యాలి, లేకపోతే ఒరిగి నిలబడిన గుర్రం మంచి కాలినే పాడుచేసుకుంటుంది. పైగా అరికాలికంతా ఆనుడు ఉండాలి, బరువు గిట్ట అంచుల మీదే పడకూడదు. సర్జన్ పేరు పత్రికల్లో వస్తుంది. లాడం వేసేవాడి పేరు మామూలుగా రాదు. ఇలాంటి కేసులో వాళ్లిద్దరి పనీ సమానమే.

ఆ భయం ఎందుకో తెలియాలంటే గిట్ట లోపల చూడాలి. గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య దాదాపు ఆరు వందల సన్నటి పొరలు ఉంటాయి. రెండు పుస్తకాల పేజీలను ఒకదానిలో ఒకటి జొప్పించినట్టు గోడ పొరలూ ఎముక పొరలూ అల్లుకుని, గుర్రం బరువునంతా ఆ పట్టు మీదే వేలాడదీస్తాయి. ఈ పొరలకు రక్తం అందాలంటే కాలు మోపడం, ఎత్తడం, మళ్లీ మోపడం జరుగుతూ ఉండాలి. నొప్పి ఉన్న కాలి మీద గుర్రం బరువు వెయ్యదు. రెండో కాలు ఎత్తే వీలు లేక రాత్రింబవళ్లు ఆనించే ఉంటుంది. పొరలకు రక్తం అందదు, పట్టు సడలుతుంది, ఎముక లోపలే కుంగుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. 1973లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రం 1989లో చనిపోయింది కూడా లామినైటిస్ వల్లే. దానికి కాలేమీ విరగలేదు. లామినైటిస్‌కు దారులు చాలా ఉన్నాయి, విరిగిన కాలు వాటిలో ఒకటి.

జూలైలో రిచర్డ్‌సన్ భయపడిందే జరిగింది. కుడికాలిలో చీము చేరి, మళ్లీ ఆపరేషన్ చేసి ప్లేటునూ చాలా స్క్రూలనూ మార్చాల్సి వచ్చింది. కొద్దిరోజుల్లోనే ఎడమ గిట్టకు లామినైటిస్ పట్టింది. పట్టు వదిలేసిన గిట్ట గోడ ఇక బరువు మొయ్యదు, నొప్పి మాత్రం పెడుతుంది. రిచర్డ్‌సన్ దానిలో దాదాపు ఎనభై శాతం కోసి తీసేశారు. కొత్త గోడ పైనుంచి కిందికి పెరగాలి. ఆరోగ్యంగా ఉన్న గిట్టే నెలకు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ పెరుగుతుంది, పూర్తిగా రావాలంటే ఏడాది పడుతుంది. ఇక నుంచి వైద్యమంతా ఆ కాలాన్ని సంపాదించడం కోసమే. గిట్ట కింద మెత్తటి ఆసరా, చుట్టూ కట్టు, ఒళ్లు అలిసినప్పుడు కొన్ని గంటలు పట్టీ ఊతం, నొప్పికి మందులు, ఆ మందులు కడుపును చెడగొట్టకుండా మరో జాగ్రత్త. ఒక కాలి కట్టు ఎప్పుడు మార్చాలో మరో కాలు ఆ పూట ఎంత మొయ్యగలదో చూసి నిర్ణయించాలి. ఏ ఒక్కదాన్నీ విడిగా బాగుచెయ్యడానికి లేదు.

ఆ క్రమశిక్షణ ఫలించినట్టే కనిపించింది. ఆగస్టులో బార్బారోను బయటికి తీసుకొచ్చి పచ్చిక మేపడం మొదలెట్టారు. అది వినోదం కోసం కాదు. నాలుగు అడుగులు వేస్తే గిట్టలకు రక్తం ఆడుతుంది, పేగులు కదులుతాయి, బందీగా ఉన్న జంతువుకు మనసు కుదురుతుంది. నవంబరులో కుడికాలి సిమెంటు కట్టు తీసేశారు. విరిగిన చోటు బరువు మోస్తోంది. వైద్యం మొదలైన రోజు ఎవరూ గట్టిగా హామీ ఇవ్వలేని ఫలితం అది.

ఎడమ గిట్ట మాత్రం సరిగా పెరగలేదు. జనవరిలో కొత్త గోడ మళ్లీ ఊడటం మొదలైంది. బరువు కుడికాలి మీదికి మళ్లింది, అక్కడ చీముగడ్డ లేచింది. జనవరి 27న ఆ కాలి బరువు తప్పించడానికి కానన్ ఎముక గుండా పిన్నులు దూర్చి, బయట చట్రం బిగించారు. తర్వాత ముందుకాళ్లు రెండింటికీ లామినైటిస్ వచ్చింది. నిలబడటానికి ఒక్క మంచి కాలు కూడా మిగలలేదు. గుర్రానికి బాధ లేకుండా బతికే వీలున్నంత వరకే వైద్యం అని యజమానులు రాయ్, గ్రెచెన్ జాక్సన్ దంపతులూ రిచర్డ్‌సన్ కూడా మొదటినుంచీ అనుకున్నారు. ఆ మాటకు కట్టుబడి 2007 జనవరి 29న బార్బారోకు శాశ్వత నిద్ర ఇచ్చారు. ఎప్పుడు ఆపాలో తెలియడం ఈ వృత్తిలో చివరి నైపుణ్యం. అన్ని నెలలు శ్రమపడ్డాక ఆ నిర్ణయం తీసుకోవడానికి కత్తి పట్టడం కంటే ఎక్కువ నిబ్బరం కావాలి.

గుర్రం బతకలేదు కాబట్టి ఆ వైద్యం ఓడిపోయిందనడం తొందరపాటు. ఇరవైకి పైగా ముక్కలైన కాలు బరువు మోసే స్థితికి వచ్చింది. మత్తు దిగే గండం క్షేమంగా గడిచిపోయింది. ఓడిపోయింది గిట్ట దగ్గర. అక్కడ లోపం ఎవరి చేతిలోనూ లేదు, జ్ఞానంలో ఉంది. అందుకే బార్బారో పేరు మీద వచ్చిన విరాళాలు లామినైటిస్ పరిశోధనకు వెళ్లాయి. ఆస్ట్రేలియా నుంచి తర్వాత న్యూ బోల్టన్‌కే వచ్చిన ఆండ్రూ వాన్ ఎప్స్ లాంటి పరిశోధకులు, మంచి కాలిని చెడగొట్టేది ఎక్కువ బరువు ఒక్కటే కాదని, మోపడం-ఎత్తడం ఆగిపోవడమే అసలు సమస్య అని తేల్చారు. దాంతో వైద్యుల లెక్క మారింది. గుర్రం ఎంతసేపు నిలబడిందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ మంచి కాలిని గంటకు ఎన్నిసార్లు ఎత్తిందో కూడా చూడాలి. ఇంకోవైపు, అసలు విరగకుండా ముందే పసిగట్టే ప్రయత్నమూ సాగుతోంది. లాస్ ఏంజెలెస్ దగ్గరి శాంటా అనీటా మైదానంలో 2019 చివరి నుంచి గుర్రాన్ని నిలబెట్టే పెట్ స్కాన్ తీస్తున్నారు. ఎక్స్‌రేకు చిక్కని ఫెట్‌లాక్ అలసట అందులో బయటపడుతుంది.

మన మలక్‌పేటలో పరుగెత్తేవీ ఇదే థరోబ్రెడ్ జాతి గుర్రాలు, ఇవే సన్నటి కాళ్లు. పందెం చూడటానికి వెళ్లేవాళ్లు గెలిచిన గుర్రాన్నీ జాకీనీ చూసి వచ్చేస్తారు. ఒక్కసారి పాకల వైపు కూడా చూడాలి. పరుగు అయ్యాక ప్రతి కాలినీ వేళ్లతో తడిమి వేడి ఉందేమో, వాపు ఉందేమో చూసే సాయిస్, గిట్టను చేతిలోకి తీసుకుని లాడం సరిచేసే మనిషి అక్కడ ఉంటారు. గుర్రపు కాలిని కాపాడే పని సర్జన్ బల్ల దగ్గర కంటే ముందు వాళ్ల చేతుల్లోనే మొదలవుతుంది.